కట్టించారు సరే, ఎవరి చేత?
బొంబాయి కార్పొరేషన్ భవనం మీది రాతిపనిని చదవడం

బొంబాయి పోయిన మనవాళ్ళెవరైనా విక్టోరియా టెర్మినస్ స్టేషను బయట ఒక్క నిమిషం నిలబడకుండా ఉండరు. 2017 నుంచి దాని పేరు ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్. మూటలు కిందపెట్టి తల పైకెత్తి చూస్తారు. రాతిలో ఆకులు, తీగలు, పక్షులు, జంతువులు. వాననీరు బయటికి చిమ్మడానికి గోడల అంచుల్లో నోరు తెరిచిన మృగాల బొమ్మలు. గేటు స్తంభాల మీద ఒకవైపు సింహం, ఇంకోవైపు పులి. రోడ్డు దాటితే దానికి జోడీలాంటి ఇంకో రాతి భవనం ఉంది. అది బొంబాయి మునిసిపల్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం. 200 అడుగులు దాటిన టవరు, గుమ్మటాలు, కమానులు, కమాను కమానుకూ చెక్కడం. ముందువైపు గోడ ముక్కోణంగా లేచిన చోట రెక్కలున్న ఒక స్త్రీమూర్తి. ఆమె బొంబాయి నగరానికి గుర్తు. 'భారతదేశంలో మొదటి నగరం' అనే అర్థం వచ్చే లాటిన్ మాట ఆ బొమ్మకు జోడైన నినాదం.

చూసినవాళ్ళు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటే. ఎవరు కట్టారు? దొరికే జవాబూ ఒకటే. బ్రిటిషోళ్ళు కట్టించారు.

ఈ జవాబు దగ్గర మనం ఆగాలి. తెలుగులో 'కట్టాడు' వేరు, 'కట్టించాడు' వేరు. మన పాఠ్యపుస్తకాల్లో రాజులంతా చెరువులు తవ్వించినవాళ్ళు, గుళ్ళు కట్టించినవాళ్ళు, శిల్పాలు చెక్కించినవాళ్ళు. 'కట్టించాడు' అన్నామంటే ఎవరిచేతనో కట్టించాడనే గదా అర్థం. ఆ 'చేత' అన్న చోట ఒక పేరో, ఒక ఊరో, ఒక కులమో ఉండాలి. వాక్యం ఆ జాగా ఉంచింది. చరిత్ర రాసినవాళ్ళు దాన్ని ఖాళీగా వదిలారు. చేత అనే మాటలోనే చెయ్యి ఉంది. మాట మిగిలింది, చెయ్యి మాయమయింది. కార్పొరేషన్ భవనం ఈ విషయం అర్థం చేసుకోవడానికి మంచి ఉదాహరణ. ఎందుకంటే ఇక్కడ ఆ ఖాళీ జాగాలో ఒక తెలుగు పేరు దొరుకుతుంది. దొరికాక కూడా ఖాళీ పూర్తిగా నిండదు. ఈ రెండు సంగతులూ కలిపి చూడాలి.

రికార్డులో ఎవరున్నారు?

ఈ భవనానికి 1884 డిసెంబరు 9న వైస్రాయి లార్డ్ రిప్పన్ శంకుస్థాపన చేశాడు. పని మాత్రం నాలుగేళ్ళకు పైగా ఆలస్యమై 1889 ఏప్రిల్ లో మొదలయింది. 1893 జులై నాటికి పూర్తయింది. డిజైను ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్ ది. ఎదురుగా ఉన్న రైల్వే స్టేషను (1878-1888) డిజైనూ ఆయనదే. కార్పొరేషన్ భవనం పని దగ్గరుండి చూసిన ఇంజనీరు రావుసాహెబ్ సీతారాం ఖండేరావ్ వైద్య. స్టేషను పనిలోనూ స్టీవెన్స్ కి ఈయన సహాయకుడు. మంజూరయిన అంచనా 11,88,082 రూపాయలు. అయిన ఖర్చు 11,19,969 రూపాయలు. అంటే 68,113 రూపాయలు మిగిలాయి. ప్రభుత్వ కట్టడం అంచనాకన్నా తక్కువలో తేలిందని ఈ లెక్కను ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

కాంట్రాక్టరు ఎవరు? వ్యంకూ బాళాజీ కాలేవార్ కంపెనీ.

ఈ పేరు తెలుగువాళ్ళకు వెంటనే తెలిసిపోవాలి. వ్యంకూ అంటే మన వెంకు. కాలేవార్ లోని 'వార్' మన 'వారు'. మహారాష్ట్రలో నాందేడ్ నుంచి చంద్రపూర్ దాకా ఇంటిపేరు చివర 'వార్' ఉన్న కుటుంబాల్లో చాలామంది తెలుగు మూలాలవాళ్ళు. ఫలానావారు అని మనం ఇంటిపేరు చెప్పే పద్ధతే అక్కడ పేరులో గడ్డకట్టి నిలిచిపోయింది. బొంబాయి నగరపాలన నడిచే ఆ రాతి భవనాన్ని కాంట్రాక్టు తీసుకుని లేపింది ఒక తెలుగు మనిషి.

కాలేవార్ ఎవరు?

బొంబాయిలో 19వ శతాబ్దం రెండో సగంలో కోటగోడలు కూల్చి కొత్త నగరం కట్టారు. రైల్వేలు, రేవులు, కోర్టులు, యూనివర్సిటీ, మిల్లులు. ఆ పనుల్లోంచి తెలుగు కాంట్రాక్టర్ల వర్గం ఒకటి పైకొచ్చింది. వాళ్ళను అక్కడ తెలుగు ఫూల్ మాళీలు అనేవాళ్ళు. ఇక్కడ పొరపాటు పడొద్దు. మరాఠీలో మాళీ అంటే మన మాల కాదు. పూలతోటలూ కూరగాయలూ పెంచే శూద్రకులం. జోతిరావు ఫూలే పుట్టిన కులం కూడా మాళీయే.

ఈ సంబంధం కులం దగ్గరే ఆగలేదు. ఫూలే 1873 సెప్టెంబరు 24న పూణేలో సత్యశోధక సమాజం పెట్టారు. బొంబాయిలో దానికి డబ్బుతోనూ మనుషులతోనూ అండగా నిలిచినవాళ్ళలో తెలుగు కాంట్రాక్టర్లు ముఖ్యులు. వ్యంకూ బాళాజీ కాలేవార్, జయా కరాడీ లింగూ, రామయ్యా వ్యంకయ్యా అయ్యవారు, నర్సింగరావ్ సాయిబూ వడ్నాలా వంటి పేర్లు ఆ ఉద్యమ చరిత్రలో కనిపిస్తాయి. మనం ఇక్కడ ఫూలే గురించి పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాం. వందేళ్ళ ముందే తెలుగు మాట్లాడే శూద్రులు ఆయన పక్కన కూర్చుని పనిచేశారు. మన సామాజిక సంస్కరణ చరిత్రల్లో ఎంతకాలం వీరేశలింగంతోనే కథ మొదలుపెట్టాం? బొంబాయి తెలుగువాళ్ళ సత్యశోధక కథకు అందులో చోటు దొరకలేదు.

ఫూలే స్వయంగా కాంట్రాక్టరు కూడా. పూణే కమర్షియల్ అండ్ కాంట్రాక్టింగ్ కంపెనీ నడిపారు. కట్టడాల పని దగ్గరుండి చూసిన మనిషి. కింద రాయిమోసే కూలీకీ పైన బిల్లు పాసుచేసే ఆఫీసుకీ మధ్య ఏం జరుగుతుందో ఆయనకు పుస్తకాల వల్ల తెలియలేదు, పని వల్ల తెలిసింది. శూద్రులు, అతిశూద్రులు అనే రెండు మాటల్నీ పక్కపక్కనే పెట్టి ఆయన మాట్లాడటం వెనక ఈ అనుభవమూ ఉందని మనం మర్చిపోకూడదు.

కాలేవార్ పేరు రికార్డుకెక్కడం చిన్న సంగతి కాదు. ఊళ్ళో భూస్వామి ముందు నిలబడలేని కులాలనుంచి వచ్చిన మనిషి నగరంలో లక్షల రూపాయల పని తీసుకున్నాడు, అంచనాకన్నా తక్కువలో ముగించాడు. దీన్ని మనం చెప్పుకోవాలి. అయితే అక్కడ ఆగితే 'కట్టించాడు' అనే మాటలో రాజు పోయి కాంట్రాక్టరు వచ్చాడు, అంతే. మిగిలిన ఆ 68,113 రూపాయలు మంజూరయిన సొమ్ములో నూటికి దాదాపు ఆరు వంతు. రాయి చవగ్గా కొంటే మిగలొచ్చు. పని బాగా నడిపితే మిగలొచ్చు. కూలి తగ్గిస్తే కూడా మిగలొచ్చు. ఏ కట్టడం లెక్కల్లోనైనా 'ఆదా' అన్న మాట కనిపించినప్పుడు ఎవరి దగ్గర ఆదా అయిందని అడగడం నేర్చుకోవాలి.

గట్టి రాయి, మెత్త రాయి

ఇప్పుడు రాతి దగ్గరికి వద్దాం. చెక్కడాల గురించి మాట్లాడేవాళ్ళు రాళ్ళ తేడా గురించి తక్కువ మాట్లాడతారు. ఆ కాలపు బొంబాయి కట్టడాల్లో రాళ్ళు రకరకాలు. అక్కడి గుట్టల్లో దొరికేది నల్లటి బసాల్టు. అది మహా గట్టిది. పునాదులకూ బరువు మోసే గోడలకూ వాడారు. దగ్గర్లోని కుర్లా, మలాడ్ గనులనుంచి పసుపు ఛాయ రాయి తెచ్చి గోడల ముఖాలకు వేశారు. గుజరాత్ తీరంలోని పోరుబందరు నుంచి సున్నపురాయి ఓడల్లో వచ్చింది. అది మెత్తన. ఉలికి లొంగుతుంది. సన్నటి ఆకులూ తీగలూ చెక్కాలంటే అట్లాంటి రాయే కావాలి.

గట్టి రాయిని గనిలోంచి తియ్యడం ఎట్లా? ముందు రాయి ఎటువైపు పగులుతుందో చూడాలి. అది కంటితోనూ, సుత్తి దెబ్బ చప్పుడుతోనూ తెలుస్తుంది. ఆ గీత వెంబడి వరసగా చిన్న చిన్న గుంటలు కొడతారు. గుంటల్లో ఇనుప చీలలు దిగ్గొడతారు. ఒక్కో చీల మీదా ఒక్కో దెబ్బ, మళ్ళీ మొదటినుంచి ఒక్కో దెబ్బ. తొందరపడి ఒక చీలను ఎక్కువ దింపితే రాయి వంకర పగిలి రోజుపని మట్టిపాలవుతుంది. సమంగా దింపితే గీత గీసినట్టు రెండవుతుంది. మన దక్కనులో పరుపుబండ మీద మంట పెట్టి, వేడికి పొర లేచేటట్టు చేసి పలకలు తీసే పద్ధతి కూడా ఉంది. తీసిన రాయిని బండి మీద చేర్చాలి, మూలలు సరిచెయ్యాలి, సారవల మీదికి ఎక్కించాలి, వరసలో కూర్చోబెట్టాలి. ఇంత జరిగాక గదా ఆ గోడలో మెత్త రాయి పెట్టి దానిమీద పువ్వు చెక్కేది.

ఈ మొత్తం పనిలో చివరి అంచును 'కళ' అన్నారు. మిగతాదంతా 'కూలిపని' అన్నారు. బండరాయి ఎటు పగులుతుందో చప్పుడు విని చెప్పగలగడం నైపుణ్యం కాదట. ఆకు అంచు వంపు తిప్పడం నైపుణ్యమట. రెండూ నైపుణ్యమే. కాని ఒకటి మస్టరు రోలులో వేలిముద్రగా మిగిలింది, రెండోది కళాచరిత్రలో అధ్యాయమయింది. ఈ విభజన బ్రిటిషోళ్ళు కొత్తగా తెచ్చింది కాదు. చేతులు మురికయ్యే పని తక్కువది, చెయ్యి కదలకుండా చెప్పే పని గొప్పది అనే విలువ మన దగ్గర ముందునుంచీ ఉంది. వాళ్ళు దాని మీద తమ కొలబద్ద పెట్టారు.

చెక్కినవాళ్ళు ఎవరు?

స్టేషను మీది చెక్కడాలు చేసింది బొంబాయి కళాశాల, అంటే 1857లో మొదలైన జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థులు. అక్కడి గురువు జాన్ గ్రిఫిత్స్ పర్యవేక్షణలో జరిగిన పని అది. గుమ్మటం మీది 'ప్రగతి' విగ్రహం, గేటు మీది సింహం, పులి ఇంగ్లండు శిల్పి థామస్ ఎర్ప్ వి. శిల్పి పేరు తెలుసు, గురువు పేరు తెలుసు. విద్యార్థులు అందరూ కలిసి ఒక్క మాట, 'విద్యార్థులు'. వాళ్ళ చేతికి రాయిని అందించినవాళ్ళు ఆ మాటలో కూడా లేరు.

'రామప్ప గుడికి శిల్పి పేరే పెట్టారు గదా' అని మన దగ్గర కొందరు అడుగుతారు. నిజమే, పాలంపేట గుడిని శిల్పి పేరుతో పిలుస్తారని జనం చెప్పుకుంటారు. కాని అక్కడి 1213 నాటి శాసనం చెప్పేది కట్టించిన రేచర్ల రుద్రుడి గురించి. జనం నోట శిల్పి బతికాడు, రాతిమీద సేనాపతి బతికాడు. గుట్టనుంచి రాయి లాగినవాళ్ళు రెండుచోట్లా లేరు. 2021లో ఆ గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. విక్టోరియా టెర్మినస్ కి 2004లోనే వచ్చింది. వారసత్వం అంటున్నాం. మరి వారసులెవరు?

ఇంకో రకం పొగడ్త కూడా ఉంది. దాన్ని గమనించాలి. ఆనంద కుమారస్వామి 1909లో 'ది ఇండియన్ క్రాఫ్ట్స్ మన్' పుస్తకం రాశారు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వృత్తివిద్యనూ, కులశ్రేణుల పద్ధతినీ అందులో మెచ్చుకున్నారు. చేతిపనిని గౌరవించారు, సంతోషం. కాని ఆ పని వద్దనుకునే హక్కు కొడుక్కి ఉందా అన్నదే అసలు ప్రశ్న. వద్దనుకునే హక్కు లేని చోట వారసత్వం సంకెల అవుతుంది. పనిని పంచుకోవడం ఏ సమాజంలోనైనా ఉంటుందనీ, కులం చేసింది పనిచేసే మనుషుల్నే మెట్ల మీద విడివిడిగా నిలబెట్టడమనీ 1936లో 'కులనిర్మూలన'లో అంబేడ్కర్ వివరించారు. కార్పొరేషన్ భవనం సారవ కర్రలు ఆ మెట్లకు మంచి బొమ్మ. పైన ఆర్కిటెక్టు, కింద ఇంజనీరు, ఆ కింద కాంట్రాక్టరు, మేస్త్రీ, చెక్కేవాడు, రాయి కొట్టేవాడు, అన్నిటికన్నా కింద తట్ట మోసే ఆడమనిషి. ఒక్కో మెట్టుకూ కింద మెట్టును చూసి తృప్తిపడే వీలుంది.

కామాటిపురా: కట్టినవాళ్ళకు దక్కిన పేరు

తెలుగులో కామాటి అంటే మట్టిపని, కట్టుబడి పని చేసే కూలీ. నిజాం రాజ్యం తెలుగు జిల్లాలనుంచి బొంబాయి చేరిన కూలీలను అక్కడ కామాఠీలు అన్నారు. పనిపేరే జాతిపేరయింది. 18వ శతాబ్దం చివర హార్న్ బీ వెల్లార్డ్ అనే కట్ట వేసి సముద్రపు నీళ్ళు ఆపాక తేలిన పల్లపు నేలలో వాళ్ళు గుడిసెలు వేసుకున్నారు. అదే కామాటిపురా. మున్నూరు కాపులు, పద్మశాలీలు, మాలలు, మాదిగలు, ఇట్లా మన ఊరి కులాలన్నీ ఆ సందుల్లో ఉన్నాయి.

తరవాత ఏం జరిగింది? తెల్ల సిపాయిల కోసం వలస ప్రభుత్వం వ్యభిచార గృహాల్ని ఆ చుట్టుపక్కలకే చేర్చింది. ఈరోజు కామాటిపురా అంటే దేశమంతా నవ్వుతూనో అసహ్యంగానో తలచే పేరు అయింది. నగరానికి గోడలెత్తినవాళ్ళ పేరు నగరానికి బూతుమాట అయింది. స్టీవెన్స్ పేరు గౌరవంగా మిగిలింది. కామాటి పేరు అవమానంగా మిగిలింది. రెండు పేర్లూ ఒకే కట్టడాల కాలంలోంచి వచ్చినవే. ఈ తేడా దానంతటది వచ్చింది కాదు.

ఇంకో మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. తెలుగు కాంట్రాక్టరు, తెలుగు కూలీ ఒకే భాష మాట్లాడినంత మాత్రాన ఒకే మెట్టు మీద లేరు. కూలీని ఊరినుంచి తెచ్చేది భాష, బంధుత్వం, అప్పు. ఆ పద్ధతి మనకు కొత్త కాదు. పాలమూరు లేబరును గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఆనకట్టల దగ్గరికీ నగరాలకీ తీసుకుపోయిన కథ మన ఇళ్ళలోనే ఉంది. మేస్త్రీ కూడా మనవాడే. శూద్రుడి పేరు రికార్డుకెక్కినప్పుడు అతిశూద్రుడి పేరు దానంతటదే ఎక్కదు. బహుజన ఐక్యత కావాలనుకునేవాళ్ళు ఈ మాటను దాచకుండా మాట్లాడుకోవాలి. దాచితే ఐక్యత పైపై పూత అవుతుంది.

రాయి కొట్టిన జాతికి మూడు సర్టిఫికెట్లు

దక్కనులో రాతిపని అంటే మొదట గుర్తుకొచ్చేది వడ్డెర్లు. మహారాష్ట్రలో వాళ్ళను వడార్లు అంటారు. తరాలుగా అక్కడే ఉన్నా ఇంట్లో తెలుగు యాస మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. పనిని బట్టి వాళ్ళలోనే విభాగాలున్నాయి. బండ్ల మీద రాయి తోలేవాళ్ళు బండి వడ్డెర్లు, మట్టిపని చేసేవాళ్ళు మన్ను వడ్డెర్లు, రాయి కొట్టి తిరగళ్ళూ రోళ్ళూ చేసేవాళ్ళు రాతి వడ్డెర్లు. పడమటి భారతంలో రోడ్లు, రైలుకట్టలు, చెరువులు, కోటలు ఈ చేతులు లేకుండా లేవలేదు.

ఈ జాతికి రాజ్యం ఇచ్చిన బహుమతి ఏంటి? వలస ప్రభుత్వం వాళ్ళను నేరస్త జాతుల పట్టీలోకి ఎక్కించింది. పని వెతుక్కుంటూ ఊరూరూ తిరగడమే అనుమానానికి ఆధారమయింది. 1952లో ఆ చట్టం రద్దయింది. ఆ తరవాత కూడా ఒకే వృత్తి, ఒకే మూలం ఉన్న మనుషులు రాష్ట్రానికొక గడిలో పడ్డారు. మహారాష్ట్రలో వడార్ విముక్త జాతి. కర్ణాటకలో భోవి, వడ్డర్ పేర్లతో షెడ్యూల్డు కులం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడ్డెర బీసీ-ఏ. ఎస్టీ జాబితాలో చేర్చమని మన దగ్గర వడ్డెర్లు చాలాకాలంగా అడుగుతున్నారు. సరిహద్దు రాయి దాటితే కులం మారినట్టు సర్టిఫికెట్టు మారుతుంది. ఆ సరిహద్దు రాయి కొట్టింది కూడా వాళ్ళే అయ్యుండొచ్చు.

యంత్రాలు, క్రషర్లు వచ్చాక చేతి పని తగ్గింది. గని లీజు పెద్దకులాల చేతిలోకి పోయింది. దుమ్ము మాత్రం పనివాళ్ళ ఊపిరితిత్తుల్లోకే పోయింది. ఇసుకరాయి, గ్రానైటు దుమ్ములోని సిలికా వల్ల వచ్చే సిలికోసిస్ కి మందు లేదు. చెక్కడం మీద పట్టిన మసిని శుభ్రం చెయ్యడానికి నిధులు దొరుకుతాయి. చెక్కిన మనిషి ఊపిరితిత్తుల్లో పట్టిన దుమ్ముకు పరిహారం కావాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

రెక్కల స్త్రీ, తట్ట మోసిన స్త్రీ

మళ్ళీ ఆ ముక్కోణపు గోడ దగ్గరికి పోదాం. నగరాన్ని స్త్రీగా చెక్కడం యూరప్ సంప్రదాయం. ఆమెకు రెక్కలున్నాయి, బరువు లేదు. ఆ బొమ్మను అంత ఎత్తులో నిలబెట్టడానికి కింద ఎంతమంది ఆడవాళ్ళు తల మీద చుట్టకుదురు పెట్టుకుని తట్టలు మోసి ఉంటారో ఊహించుకోవచ్చు. కట్టుబడి పనిలో మగవాడికి ఒక కూలి, ఆడమనిషికి తక్కువ కూలి అనే ఆచారం మొన్నమొన్నటిది కాదు, ఈరోజుకీ పోలేదు. చంటిబిడ్డను సారవ కర్రకు కట్టిన చీరె ఉయ్యాల్లో పడుకోబెట్టి పని చెయ్యడం మన కళ్ళతో చూసిందే. నగరం నిజంగా స్త్రీ అయితే ఆ స్త్రీ రెక్కలతో గోడమీద లేదు, తట్టతో మెట్లమీద ఉంది.

ఆ భవనం లేస్తున్న కాలంలోనే బయట ఏం జరుగుతుందో కూడా పక్కన పెట్టి చూడాలి. శంకుస్థాపన జరిగిన 1884లోనే సత్యశోధకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే బొంబాయి మిల్లు కార్మికుల సంఘం పెట్టారు. గోడలు లేస్తుండగా 1890లో మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు వచ్చింది. 1891 ఏప్రిల్ 14న మౌలో అంబేడ్కర్ పుట్టారు. తరవాత ఆయన ఇదే నగరంలో పరేల్ కార్మికుల చాల్ లో పెరిగి చదువుకున్నారు. రాతి భవనాల బొంబాయి, కార్మికవాడల బొంబాయి రెండూ ఒకే ఏళ్ళలో తయారయ్యాయి. టూరిస్టు పుస్తకం మొదటిదాన్ని చూపిస్తుంది. రెండోదాన్ని మనమే చూపించుకోవాలి.

మనం చెయ్యాల్సిన పని

'ఇదంతా మా తాతలే కట్టారు' అని గర్వంగా చెప్పుకోవడం మొదటి మెట్టు. అది అవసరమే, కాని చాలదు. గర్వం కూలి పెంచదు, సర్టిఫికెట్టు సరిచెయ్యదు. రుజువు కావాలి. రుజువు సేకరించడం విద్యార్థులూ టీచర్లూ చెయ్యగల పని.

ప్రతి పాత ఊళ్ళోనూ ఒక కోర్టో, కలెక్టరాఫీసో, స్టేషనో, గుడో, కోటో ఉంటుంది. దాని ముందు నిలబడి అయిదు ప్రశ్నలు వెయ్యండి. ఈ రాయి ఏ గుట్టది? ఎవరు కొట్టారు? ఎవరు మోశారు? ఎవరు చెక్కారు? శిలాఫలకం మీద ఎవరి పేరుంది? మొదటి ప్రశ్నకు జవాబు గుట్టే చెప్తుంది, సగం తిన్నట్టు కనిపిస్తుంది. ఆ గుట్ట పక్కన వడ్డెరవాడ ఉందేమో చూడండి. అక్కడి ముసలివాళ్ళ దగ్గర పనిముట్ల పేర్లు, రాయి రకాలకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు, పనిపాటలు, పనిలో చచ్చిపోయినవాళ్ళ పేర్లు రాసుకోండి. పబ్లిక్ వర్క్స్ శాఖ పాత ఫైళ్ళలో మస్టరు రోళ్ళు, కాంట్రాక్టు కాగితాలు వెతకండి. 'కూలి ఖర్చు' అని ఒక్క అంకె రాసిన చోట ఎంతమంది, ఎన్ని రోజులు, ఆడా మగా తేడా ఎంత అని విడగొట్టి లెక్కకట్టండి.

వడ్డెర పిల్లవాడో, మాదిగ పిల్లో ఉన్న తరగతిలో టీచరు 'ఫలానా రాజు కట్టించాడు' అని పాఠం చెప్తే, ఆ పిల్లలకు పాఠంలో తమ ఇల్లు కనిపించదు. 'ఎవరి చేత?' అని ఒక్క ప్రశ్న కలిపి చెప్తే కనిపిస్తుంది. పాఠ్యపుస్తకం మారేదాకా ఆగక్కర్లేదు. ఆ ఒక్క ప్రశ్నకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బొంబాయి కార్పొరేషన్ భవనం రికార్డులో ఒక వెంకు దొరికాడు. ఆయన కింద రాయి కొట్టిన, మోసిన, చెక్కిన వెంకమ్మలూ ఎల్లయ్యలూ ఇంకా ఆ వాక్యంలోని ఖాళీ జాగాలోనే ఉన్నారు. గోడమీది ప్రతి రాయిమీదా వాళ్ళ ఉలిగాటు ఉంది. అది కూడా ఒక సంతకమే. చదవడం మనం నేర్చుకోవాలి.